రాత్రి తొమ్మిదింటికి శ్లాబు ఎందుకు కాలుతుంది: కూల్ రూఫ్ మాట వెనుక ఉన్న లెక్క

మే నెలలో పై అంతస్తు గదిలో పడుకునేవారందరికీ తెలిసిన అనుభవం ఒకటుంది. సూర్యుడు అస్తమించి రెండు గంటలు దాటుతుంది, వీధిలో గాలి కాస్త చల్లబడుతుంది, కానీ గదిలో ఫ్యాను వేస్తే పొయ్యి దగ్గర నిలబడినట్టు వేడిగాలి కొడుతుంది. మంచం మీద నిలబడి సీలింగుకు అరచేయి ఆనిస్తే, కాసేపటి క్రితం పొయ్యి మీద నుంచి దించిన గిన్నెను తాకినట్టు ఉంటుంది. అదే ఇంట్లో కింది అంతస్తులో ఉన్నవారికి ఈ బాధ సగం కూడా ఉండదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ (ఎండను వెనక్కి పంపి తక్కువ వేడెక్కే పైకప్పు) విధానం ప్రకటించినప్పటి నుంచి ఈ సంగతి ఎక్కువగా చర్చలోకి వచ్చింది. వేసవి రాగానే రంగుల దుకాణాల్లో ‘హీట్ ప్రూఫ్’, ‘ఇన్సులేషన్ పెయింట్’, ‘కూలింగ్ టైల్స్’ అనే పేర్లు వినిపిస్తాయి. ఒకరు సున్నం కొట్టిస్తే చాలంటారు, మరొకరు థర్మాకోల్ పరిచి పైన కాంక్రీటు వేయించమంటారు, ఇంకొకరు సోలార్ పలకలు పెట్టుకుంటే నీడకు నీడ, కరెంటుకు కరెంటు అంటారు. వీరిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు. అయితే ఒక్కొక్కరు ఒక్కో పని గురించి మాట్లాడుతున్నారు. ఎండను వెనక్కి పంపడం ఒక పని, లోపలికి దిగే వేడికి అడ్డం పడటం రెండో పని, దిగే వేడిని ఆలస్యం చేయడం మూడో పని. పైకప్పు గురించి మనం పడే అయోమయంలో చాలా భాగం ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తున్నదే.

డాబా మీద పడిన ఎండ ఎటు పోతుంది

నిర్మలమైన వేసవి మధ్యాహ్నం చదునైన డాబా మీద చదరపు మీటరుకు దాదాపు 900 నుంచి 1000 వాట్ల ఎండ పడుతుంది. అంటే ప్రతి చదరపు మీటరు మీదా ఒక చిన్న ఇస్త్రీపెట్టె నిరంతరం వెలుగుతున్నట్టే లెక్క. తూర్పు, పడమర గోడలకు రోజులో కొన్ని గంటలే నేరుగా ఎండ తగులుతుంది. ఎండాకాలంలో మన అక్షాంశాల దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక, అన్ని దిక్కుల గోడల కంటే పైకప్పే ఎక్కువ మోస్తుంది.

పడిన ఎండలో కొంత వెంటనే వెనక్కి పోతుంది. దాన్ని పరావర్తనం అంటాం. పాతబడి నల్లబడిన కాంక్రీటు మూడో వంతుకు మించి వెనక్కి పంపదు, కొత్తగా వేసిన తెల్లరంగు నాలుగింట మూడు వంతుల దాకా పంపగలదు. మిగిలింది పైకప్పు తాగుతుంది. తాగిన వేడిలో కొంత గాలి తీసుకుపోతుంది, కొంతను పైకప్పు తానే కంటికి కనిపించని ఉష్ణకిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. దీన్ని ఉద్గారం అంటాం. రాత్రిళ్లు మబ్బు లేనప్పుడు డాబా పైభాగం చల్లబడటానికి ముఖ్య కారణం ఇదే. గాలికి, ఆకాశానికి పోను మిగిలినది శ్లాబు గుండా కిందికి దిగుతుంది.

ఒక ఇంటి డాబా మీద ఇది చేతికి అందేలా కనిపించింది. నీళ్ల ట్యాంకు పక్కన కొంత మేర తెల్లరంగు వేసి, డబ్బా అయిపోయి అక్కడితో ఆపేశారు. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విప్పి తెల్లటి భాగం మీద నిలబడితే వేడి తెలుస్తుంది కానీ ఓర్చుకోగలం. గీత దాటి మామూలు కాంక్రీటు మీద కాలు పెట్టగానే వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. రెండు భాగాల మీదా పడుతున్నది ఒకే ఎండ, కింద ఉన్నది ఒకే శ్లాబు, మారినదల్లా పైన ఉన్న వెంట్రుకవాసి పొర మాత్రమే.

తెలుపు అంటే కంటికి కనిపించే తెలుపేనా

ఎండలోని శక్తిలో దాదాపు సగం మాత్రమే కంటికి కనిపించే వెలుగు. మిగిలిన దాంట్లో అధిక భాగం కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో వస్తుంది. అందువల్ల ఒక రంగు కంటికి ఎలా కనిపిస్తుందన్నదాన్ని బట్టి అది ఎంత వేడి తాగుతుందో పూర్తిగా చెప్పలేం. పరారుణ కిరణాలను వెనక్కి పంపే ప్రత్యేక వర్ణకాలు కలిపిన ఎర్రమట్టి రంగు, అదే ఛాయలో ఉన్న మామూలు రంగు కంటే తక్కువ వేడెక్కుతుంది. అయినా మంచి తెలుపుతో పోలిస్తే మాత్రం వెనకబడే ఉంటుంది.

డబ్బాల మీద కనిపించే ‘ఎస్‌ఆర్‌ఐ’ అనే సంఖ్య పరావర్తనాన్ని, ఉద్గారాన్ని కలిపి చెప్పే కొలమానం. ప్రామాణికంగా తీసుకున్న నలుపు ఉపరితలానికి 0, ప్రామాణిక తెలుపుకు 100 ఇచ్చి, ఆ రెంటి మధ్య మిగతావాటిని నిలబెడతారు. ఎండలో ఎంత తక్కువ వేడెక్కితే అంకె అంత పెద్దది. అయితే డబ్బా మీద రాసేది చాలాసార్లు కొత్త రంగుకు వచ్చిన అంకె. దుమ్ము, పొగ, వానాకాలపు పాచి పట్టిన తరువాత అది తగ్గుతుంది. అందుకే మూడేళ్లు ఎండకు, వానకు వదిలిన నమూనాలను కొలిచి ఆ అంకెను విడిగా చెప్పే పద్ధతి ఉంది. రెండు రంగులను పోల్చేటప్పుడు మొదటి అంకె కంటే ఈ రెండోది నమ్మదగినది.

ఉద్గారం ఎందుకు ముఖ్యమో జింకు రేకు చూపిస్తుంది. కొత్త జింకు రేకు తళతళ మెరుస్తూ ఎండలో సగానికి పైగా వెనక్కి కొడుతుంది. కానీ తాగిన కాస్త వేడిని కిరణాలుగా వదలడం లోహానికి సరిగా చేతకాదు. సిమెంటు, సున్నం, రంగు తమ వేడిని ధారాళంగా వదులుతాయి, మెరిసే లోహం దాచుకుంటుంది. అందుకే మెరుస్తున్న రేకు కూడా ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. దాని మీద తెల్లరంగు పూస్తే పరావర్తనం పెరగడంతో పాటు ఉద్గారం కూడా పెరుగుతుంది.

అడ్డుకోవడం వేరు, ఆలస్యం చేయడం వేరు

సామాన్యంగా మన ఇళ్లకు వేసేది అయిదంగుళాల శ్లాబు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న పడకగది మీద అలాంటి శ్లాబు బరువు మూడు టన్నులు దాటుతుంది. అంత బరువును 10 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 8 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి పడుతుంది. అదంతా పగలు ఎండ ఉచితంగా ఇస్తుంది. రాత్రి ఆ 10 డిగ్రీలు తగ్గాలంటే ఆ వేడంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. సగం ఆకాశంలోకి పోతే సగం గదిలోకి దిగుతుంది. పైన తగిలిన వేడి అయిదంగుళాల కాంక్రీటును దాటి కిందికి రావడానికి మూడు గంటలకు పైగా పడుతుంది, పైన సున్నంతో కలిపి వేసే ఇటుక ముక్కల పొర (వెదరింగ్ కోర్సు) ఉంటే ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ సాయంత్రానికి సీలింగు దగ్గరికి చేరి, నిల్వ ఉన్న వేడి అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. తొమ్మిదింటికి అరచేతికి తగిలేది ఆ మధ్యాహ్నపు ఎండే.

కాంక్రీటు వేడిని అడ్డుకోదు, ఆలస్యం చేస్తుంది అంతే. థర్మాకోల్, పాలీయురిథేన్ ఫోమ్ వంటివి అడ్డుకుంటాయి. వాటిలో నిండి ఉన్నది కదలని గాలి, వేడికి అంతకంటే బద్ధకమైన వాహకం దొరకడం కష్టం. ఒకే మందంలో థర్మాకోల్ కాంక్రీటు కంటే నలభై రెట్లకు పైగా గట్టిగా వేడిని ఆపుతుంది. పైకప్పు మొత్తం మీద ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు దిగుతాయో చెప్పే అంకెను ‘యూ విలువ’ అంటారు. ఎంత చిన్నదైతే అంత మేలు. ఏ పొరా లేని అయిదంగుళాల శ్లాబుకు ఇది దాదాపు 3.5. కేంద్రం 2018లో నివాస భవనాల కోసం తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ పైకప్పుకు ఈ విలువ 1.2 దాటకూడదని చెబుతుంది. లెక్క వేస్తే, శ్లాబు మీద సుమారు 20 మిల్లీమీటర్ల థర్మాకోల్ ఉన్నా ఆ హద్దులోకి వస్తుంది. 50 మిల్లీమీటర్లు పెడితే విలువ 0.6కు దిగుతుంది.

రంగు వేస్తే యూ విలువ మారదు. ఈ ఒక్క మాట తెలిస్తే ‘ఇన్సులేషన్ పెయింట్’ అనే పేరు ఎంతవరకు సరైనదో తేలిపోతుంది. అర మిల్లీమీటరు మందమున్న పూతను, వేడిని ఆపడంలో థర్మాకోల్ అంతటిదని ఒప్పుకున్నా, అది శ్లాబు నిరోధానికి నూటికి అయిదు వంతులు కూడా కలపలేదు. ఆ పూత వల్ల గది చల్లబడితే, చల్లబరిచింది దాని తెలుపే. అదే పూతను లోపల సీలింగుకు వేయించుకుంటే ఆ తెలుపుకు ఎండ తగలదు కనుక చెప్పుకోదగిన ఫలితం ఉండదు.

ఆలస్యం చేసే గుణాన్ని మన పెద్దలు బాగా వాడుకున్నారు. రాయలసీమ మిద్దెల్లో దూలాలు, దంతెలు వేసి, వాటి మీద బండలో కర్రలో పరిచి, పైన మందంగా మట్టి పోసి, నీరు దిగకుండా చౌడు వేసేవారు. అంత మందం గుండా పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రి అయ్యేది. ఇంటిల్లిపాదీ అప్పటికి మిద్దె మీదికో వాకిట్లోకో వెళ్లి పడుకునేవారు. ఇంట్లోకి వేడి దిగే వేళకు ఇంట్లో మనిషి లేడు. అప్పుడు అతికిన ఆ ఏర్పాటు, తలుపులు వేసుకుని లోపలే పడుకునే ఇప్పటి పద్ధతికి అతకడం లేదు. కోస్తాలో పెంకుటిళ్లది ఇంకో దారి. ఎత్తయిన వెన్ను, ఒకదాని మీద ఒకటి పేర్చిన కూన పెంకులు, వాటి సందుల్లోంచి వేడిగాలి పైకి పోయే వీలు. బరువు తక్కువ కనుక పొద్దుగూకగానే పెంకులు చల్లబడిపోయేవి.

ఒక పడకగది లెక్క

పైన చెప్పిన 120 చదరపు అడుగుల గదినే తీసుకుందాం. బయట 40 డిగ్రీలు, లోపల ఏసీ వేసి 28 డిగ్రీలు, పైన చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ, ఓ మోస్తరు గాలి. ఎండను, ఆకాశంలోకి పోయే వేడిని కూడా కలుపుకుంటే, బూడిదరంగు కాంక్రీటు పైభాగం బయట 59 డిగ్రీలు ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. కొత్త తెల్లరంగు వేస్తే అది దాదాపు 47 డిగ్రీలకు దిగుతుంది.

ఏ పొరా లేని బూడిదరంగు శ్లాబు గుండా గదిలోకి దిగే వేడి సుమారు 1200 వాట్లు. ఒక టన్ను ఏసీ తీయగలిగే వేడి 3500 వాట్లు కనుక, ఆ యంత్రం శక్తిలో మూడో వంతు పైకప్పుతో పోరాడటానికే పోతుంది. తెల్లరంగు వేస్తే 1200 కాస్తా 700 పైచిలుకుకు వస్తుంది. రంగు వేయకుండా 50 మిల్లీమీటర్ల థర్మాకోల్ పరిచి పైన టైల్స్ వేస్తే 200 వాట్లకు పడిపోతుంది. రెండూ చేస్తే 120 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు రెండు వేసవులు గడిచి తెల్లరంగు మాసిందనుకుందాం. వెనక్కి పంపే ఎండ నూటికి 70 వంతుల నుంచి 55కు తగ్గితే, గదిలోకి దిగే వేడి మళ్లీ 900 దాటుతుంది. మొదట దక్కిన లాభంలో అయిదింట రెండు వంతులు దుమ్ము తినేస్తుంది. ఏటా ఎండలు ముదిరేలోగా ఒకసారి డాబా కడిగితే అందులో చాలావరకు తిరిగి దక్కుతుంది.

ఇది వేడి నిలకడగా ప్రవహిస్తున్నట్టు భావించి వేసిన లెక్క. నిజానికి శ్లాబు వేడిని నిల్వ చేస్తుంది కనుక మధ్యాహ్నం గదిలోకి వచ్చేది ఇంతకంటే తక్కువ, రాత్రి వచ్చేది ఇంతకంటే ఎక్కువ. నాలుగు ఏర్పాట్ల మధ్య తారతమ్యం మాత్రం ఇలాగే ఉంటుంది.

ఏసీ లేని ఇంట్లో లెక్క తిరగబడుతుందా

ఈ అంకెలు చూసి, రంగు కంటే థర్మాకోలే మేలు కదా అనిపిస్తుంది. రోజంతా ఏసీ నడిచే గదికి అది నిజం. ఏసీ లేని ఇంటికి వచ్చేసరికి నిపుణుల మధ్య అభిప్రాయ భేదం మొదలవుతుంది.

వేడిని అడ్డుకునే పొర రెండు వైపులా అడ్డుకుంటుంది. పగలు పైనుంచి దిగనివ్వదు, రాత్రి లోపలి వేడిని పైకీ పోనివ్వదు. తలుపులు, కిటికీలు, గోడల గుండా పగలంతా గదిలో చేరిన వేడి, వంట వేడి, మనుషుల వేడి రాత్రి చల్లటి ఆకాశం వైపు పోవడానికి ఉన్న పెద్ద దారి పైకప్పే. దాన్ని మూసేస్తే తెల్లవారుజామున గది చల్లబడటం మందగిస్తుందని ఒక వాదన. తెల్లరంగుకు ఈ చిక్కు లేదు. అది పగలు ఎండను తోసేస్తుంది, రాత్రి తన వేడిని ఆకాశంలోకి వదలడం మానదు.

అవతలివారి మాట కూడా బలమైనదే. మన ఇళ్లలో రాత్రిపూట వేధించేది గదిలో పుట్టిన వేడి కంటే శ్లాబు పగలు తాగిన వేడి. శ్లాబుకు పైన పొర పరిస్తే అది అసలు వేడెక్కదు, కింద ఉన్న మూడు టన్నుల కాంక్రీటు గదికి చల్లని మూతలా పనిచేస్తుంది, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే మిగిలిన వేడి ఆ దారిన పోతుందని వారు చెబుతారు. నా అంచనాలో ఇక్కడ తేల్చేది ఊరు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ వేసవి రాత్రి గాలి పగటి కంటే బాగా చల్లబడుతుంది, కిటికీ తెరిస్తే ఫలితం ఉంటుంది. మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో రాత్రి కూడా గాలి ఉక్కగా ఉంటుంది, కిటికీ మీద అంతగా ఆధారపడలేం.

పొరను ఎక్కడ పెడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. చాలామంది ఇల్లు కట్టడం పూర్తయ్యాక, సీలింగు కింద ఫాల్స్ సీలింగు వేయించి దాని పైన పొర పెడతారు. అప్పుడు గదిలోకి వచ్చే వేడి తగ్గుతుంది, కానీ శ్లాబు మాత్రం ఎప్పటిలాగే కాలుతుంది, రోజూ వ్యాకోచించి సంకోచిస్తూ పగుళ్లు తెచ్చుకుంటుంది. శ్లాబు పైన పెడితే శ్లాబుకే రక్షణ. అయితే పైన పెట్టిన పొరకు నీరు తగలకూడదు, మనుషులు నడిచే బరువు తట్టుకోవాలి, వాననీరు పోవడానికి వాలు చెడకూడదు. వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకుండా వేసిన పొర కిందికి ఒకసారి నీరు చేరితే, ఎక్కడ కారుతోందో కనిపెట్టాలంటే అంతా తవ్వాల్సిందే.

రేకుల ఇంటి సంగతి

పై లెక్కలన్నీ శ్లాబుకు సంబంధించినవి. రేకు సంగతి పూర్తిగా వేరు. దానికి బరువు లేదు కనుక ఆలస్యమనేదే లేదు. ఎండ వచ్చిన కొద్ది నిమిషాల్లో కాలుతుంది, మబ్బు పడితే చల్లబడుతుంది. రేకుల షెడ్డులో ఉన్నవారికి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నరకం, డాబా ఇంట్లోవారికి సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా. రేకు కింద కూర్చున్నవారికి గాలి వేడి ఒక్కటే బాధ కాదు. తలకు నాలుగడుగుల ఎత్తులో ఉన్న కాలిన రేకు నుంచి కిరణాలుగా దిగే వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. ఫ్యాను గాలి దాన్ని ఆపలేదు.

కాబట్టి ఒక డబ్బా తెల్లరంగు అత్యధిక ఉపకారం చేసేది ఇక్కడే. హైదరాబాద్‌లో 2017లో అల్పాదాయ వర్గాల పాతిక ఇళ్ల మీద పరావర్తక పొర పరిచి పరిశీలించినప్పుడు, లోపలి గాలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. అది గాలి ఉష్ణోగ్రత మాత్రమే, కప్పు నుంచి దిగే కిరణాలు తగ్గడం ఆ అంకెలో కనపడదు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. మధ్యాహ్నం పనిమాని ఇంటికి చేరిన కూలీకి ఆ ఇల్లే బయటికంటే వేడిగా ఉంటే అతనికి విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందన్నది కరెంటు బిల్లు లెక్కలో పట్టని ప్రశ్న. పాత సిమెంటు రేకుల విషయంలో ఒక జాగ్రత్త కూడా ఉంది. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున, రంగుకు ముందు పొడిగా గీకి శుభ్రం చేస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

బిల్లు ఎంత తగ్గుతుంది

దీనికి హైదరాబాద్ ప్రాంతంలోనే మంచి ఆధారం ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి రెండు వాణిజ్య భవనాల మీద జరిపి 2012లో వెలువరించిన అధ్యయనంలో, మామూలు కాంక్రీటు పైకప్పుకు తెల్లపూత వేసినప్పుడు ఏడాదికి చదరపు మీటరుకు 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయ్యాయి. చల్లబరచడానికి అయ్యే కరెంటులో ఇది నూటికి 10 నుంచి 19 వంతులు. నల్లటి పైకప్పును తెల్లగా మార్చినప్పుడు ఆదా 20 నుంచి 22 యూనిట్లకు చేరింది.

ఈ అంకెలను పట్టుకుని ఇళ్లకు కూడా అంతే మిగులుతుందని చెప్పడం తరచుగా కనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి. ఆ భవనాల్లో ఏసీలు నడిచేది ఎండ ఉన్న వేళల్లో. మన ఇల్లు అలా ఉండదు. వెయ్యి చదరపు అడుగుల డాబాకు, అంటే 93 చదరపు మీటర్లకు, మీటరుకు 300 రూపాయల చొప్పున రంగు వేయించితే దాదాపు 28 వేలు అవుతుంది. ఆ ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క పడకగదికే అనుకుందాం. ఆ గది మీది 11 చదరపు మీటర్లకు మీటరుకు 13 యూనిట్లు మిగిలినా ఏడాదికి 143 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 1150 రూపాయల దగ్గర. మొత్తం డాబా ఖర్చు కేవలం బిల్లులో తిరిగి రావాలంటే 24 ఏళ్లు పడుతుంది, ఆలోగా రంగు ఎన్నిసార్లు మళ్లీ వేయించాలో లెక్కే లేదు. ఆ ఒక్క గది మీదే వేయించుకుంటే ఖర్చు 3300, మూడేళ్లలో తిరిగి వస్తుంది. ఇల్లంతా ఏసీ ఉండి పగలూ వాడే కుటుంబానికి కూడా అదే మూడేళ్లు.

ఇందులో దాగిన విషయం ఒకటుంది. ఏసీ లేని గదుల్లో దక్కేది డబ్బు కాదు, నిద్ర. దానికి వెల కట్టకుండా, బిల్లు తగ్గుతుందన్న మాటతోనే కూల్ రూఫ్‌ను అమ్మజూస్తే, ఎవరికి అత్యవసరమో వారి లెక్కలో అది దండగ ఖర్చుగా తేలుతుంది.

విధానం ఏం చెబుతోంది, ఎవరిని వదిలేస్తోంది

తెలంగాణ విధానం 2023 నుంచి 2028 వరకు వర్తించేలా వచ్చింది. దేశంలో ఒక రాష్ట్రం కూల్ రూఫ్ కోసం ప్రత్యేకంగా విధానం తేవడం అదే మొదటిసారి. 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను అందులోకి తేవాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం. పైన వేసిన లెక్కలోని 300 రూపాయలు కూడా ఆ విధానం ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన ఖర్చే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. నివాస భవనాల్లో 600 గజాలు, ఆపై స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, అంతకు తక్కువైతే ఇష్టాన్ని బట్టి.

600 గజాల హద్దును సమర్థించేవారు చెప్పేది ఇదీ: పెద్ద భవనాల్లో ఏసీ వాడకం ఎక్కువ, ఆదా ఎక్కువ, తనిఖీ సులభం, నూరు గజాల ఇల్లు కట్టుకునేవారి నెత్తిన మరో నిబంధన పెట్టడం న్యాయం కాదు. విమర్శించేవారు దాన్నే తిరగేసి చూపిస్తారు. నగరంలో అత్యధికుల ఇళ్లు వంద, రెండు వందల గజాల్లోనే ఉన్నాయి, వేడికి ఎక్కువగా గురయ్యేది ఆ ఇళ్లలోవారే, ఇప్పటికే కట్టేసిన రేకుల ఇళ్లను కొత్త అనుమతుల నిబంధన ఎలా చేరుతుందని అడుగుతారు. ప్రభుత్వం అల్పాదాయ వర్గాలకు కట్టించే ఇళ్లకు కూల్ రూఫ్ ఉండాలన్న అంశం ఆ విధానంలో ఉంది కానీ, సొంతంగా వేసుకున్న రేకుల గది దాని పరిధిలోకి రాదు. రెండో వైపు వాదనలో బలం ఎక్కువ ఉందని నేను అనుకుంటాను. అయితే దానికి నిబంధన కంటే, అహ్మదాబాద్ బస్తీల్లో చేసినట్టు నేరుగా పైకప్పులకు రంగు వేయించే కార్యక్రమమే తగిన దారి.

పలకలు, నీళ్లు, మొక్కలు

సోలార్ పలకల మాట 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక బాగా పెరిగింది. మూడు కిలోవాట్లు, ఆపై ఏర్పాటుకు 78 వేల రూపాయల రాయితీ దొరుకుతుంది. పలకలు డాబాకు నీడనిస్తాయన్నది నిజమే, కింద గాలి ఆడేలా ఎత్తులో బిగిస్తే ఆ నీడ ఫలితం గణనీయం. తెల్లరంగుకు, పలకలకు పోటీ లేదు. పలకలు పరచుకోగా మిగిలిన డాబాకు రంగు వేయవచ్చు, రెండు వైపులా వెలుగు తీసుకునే పలకలకైతే కింది తెలుపు మరికొంత వెలుగును అందిస్తుంది.

సాయంత్రం డాబా తడపడం మనకు పాత అలవాటు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.67 యూనిట్ల వేడి కావాలి. పైన చెప్పిన మూడు టన్నుల శ్లాబు 10 డిగ్రీలు చల్లారాలంటే పన్నెండు లీటర్లు నిజంగా ఆవిరైతే చాలు. పోసిన నీటిలో అధిక భాగం తూములోంచి పోతుంది కనుక అంతకు ఎన్నో రెట్లు పోస్తాం. తడిపిన గోనె సంచులు పరిస్తే నీరు నిలిచి ఆవిరవుతుంది. ట్యాంకర్ కోసం ఎదురుచూసే మే నెలలో ఈ పద్ధతి ఎందరికి అందుబాటులో ఉంటుందన్నది వేరే ప్రశ్న. డాబా తోట నీడను, ఆవిరిని రెంటినీ ఇస్తుంది కానీ తడిసిన మట్టి బరువును శ్లాబు మోయగలదా అని ముందు చూసుకోవాల్సిందే.

అపార్ట్‌మెంట్ డాబా ఎవరిది

అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు, నాలుగు వేల చదరపు అడుగుల డాబా అనుకుందాం. రంగుకు మీటరుకు 300 చొప్పున లక్షా 11 వేల పైచిలుకు అవుతుంది. ఇరవై మంది పంచుకుంటే ఒక్కొక్కరికి 5600 లోపు. పై అంతస్తులోని నలుగురే భరించాలంటే ఒక్కొక్కరికి 28 వేల దగ్గర. వేడి తగ్గేది ఆ నలుగురికే, కింది అంతస్తులవారి పైకప్పు అంటే ఇంకొకరి ఫ్లాటు నేలే కనుక వారికి దాదాపు ఏ తేడా తెలియదు. ‘మాకు ఉపయోగం లేనిదానికి మేమెందుకు ఇవ్వాలి’ అని సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు.

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు ఉమ్మడి ఆస్తిలో భాగం. దాని మరమ్మతు ఖర్చు అందరిదీ. వాటర్‌ప్రూఫింగ్‌ను అందరూ మరమ్మతుగానే ఒప్పుకుంటారు, ఎందుకంటే శ్లాబు పాడైతే భవనమే పాడవుతుంది. ఎండకు రోజూ వ్యాకోచించి సంకోచించే శ్లాబులో పగుళ్లు వేగంగా వస్తాయి, తెల్లపూత ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది కనుక అది కూడా మరమ్మతు కిందికే వస్తుందని పై అంతస్తువారు వాదించవచ్చు, ఆ వాదనలో పస ఉంది. చాలా సొసైటీల్లో ఇది ఒక కొలిక్కి వచ్చేది మరో విధంగా. నాలుగైదేళ్లకోసారి వాటర్‌ప్రూఫింగ్ పూత ఎలాగూ మళ్లీ వేయించాలి. ఆ పూతను బూడిదరంగులో కాక, పరావర్తక గుణమున్న తెలుపులో ఎంచుకుంటే, తెలుపు కోసం విడిగా పంచుకోవాల్సింది ధరలోని తేడా ఒక్కటే.

ఎంచుకునే ముందు ఆ డబ్బా మీద మూడేళ్ల తరువాతి అంకె ఉందో లేదో చూడమని అడగాల్సింది పై అంతస్తువారే. రాత్రి తొమ్మిదింటికి సీలింగు తాకి చూసేది వారే కదా.